అమ్మాయి గ్రహాంతరవాసుల సిగ్నళ్లు వెతుకుతానంటోంది, ఏం చేయాలి?

"పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రేడియో టెలిస్కోపులతో గ్రహాంతరవాసుల్ని వెతికే పని చేస్తానంటోంది. మేం సీఎస్ఈలో ఏఐ-ఎంఎల్ అనుకున్నాం. రెండూ పోల్చి చెప్పండి. చదువు పాడవుతోందని ఆమె చేసిన యాంటెన్నా అటకెక్కించాం" అని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తండ్రి రాశారు.

ముందు ఆ యాంటెన్నా కిందికి దించండి సార్. మీరు పంపిన ఫొటో చూశాను. అట్టపెట్టె కోసి గరాటులా మడిచి, లోపలంతా వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటించి, వెనక నుంచి లాప్‌టాప్‌కి వైరు లాగింది. అలాంటి దాంతో పాలపుంతలోని హైడ్రోజన్ పంపే 1420 మెగాహెర్ట్జ్ తరంగాన్ని మేడ మీద నుంచే పట్టుకోవచ్చు. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో రెండు నక్షత్రాల వైపు టెలిస్కోపు తిప్పి గ్రహాంతరవాసుల్ని వెతికింది కూడా ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరే. వీకెండ్ టెస్టుల మధ్య ఇంత పని చేసిన పిల్లని మెచ్చుకోకుండా అటకెక్కించడం ఏంటండీ?

మీ అసలు టెన్షన్ కోర్సు గురించి కాదు, రేపు దీంతో బతుకుతుందా అని. ఉన్నమాటే చెప్తాను, అచ్చంగా ఆ వెతుకులాటకే జీతమిచ్చే ఉద్యోగాలు ప్రపంచం మొత్తంలో చాలా తక్కువ. నాసా చేస్తున్న వెతుకులాటకి అమెరికా కాంగ్రెస్ 1993లో డబ్బు ఆపేసింది, ఆ తర్వాత చాలావరకు దాతల డబ్బుతోనే నడిచింది. అయితే ఆ పనిలో రోజూ చేసేదేమిటో చూడండి. టెలిస్కోపుని నక్షత్రం వైపు పెడతారు, పక్కకి తిప్పుతారు, మళ్లీ నక్షత్రం వైపు పెడతారు. పక్కకి తిప్పినా సిగ్నల్ వస్తూనే ఉంటే అది మన ఫోనో శాటిలైటో అన్నమాట. 2019లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుకి సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ వైపు నుంచి 982 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సిగ్నల్ దొరికింది, ఆ పరీక్షలో నిలిచింది కూడా. అయినా వాళ్లు వదల్లేదు, డేటా అంతా తవ్వి, అది మనుషుల పరికరాల గోలేనని 2021లో వాళ్లే తేల్చారు. కుప్పలకొద్దీ డేటాలో అసలుదేదో గోలేదో విడదీయడం, తనకి దొరికినదాన్ని తనే అనుమానించడం, ఇవి వచ్చిన పిల్ల టెలికాంలో, రాడార్లలో, ఉపగ్రహాల పనిలో ఎక్కడైనా నిలబడుతుంది.

ఇక మీ ఏఐ-ఎంఎల్. నాకు దీని మీద చాలా అనుమానాలున్నాయి. పేరు మార్చి సీట్లు పెంచిన కాలేజీలు మన ఊరి చుట్టూ చూస్తూనే ఉన్నాను, లెక్కలు సరిగా రాకుండా ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌ని (లైబ్రరీలని) పిలిచి వాడుకోవడం మాత్రమే నేర్చుకుని నాలుగేళ్ల తర్వాత నా దగ్గరికొచ్చి ఏడ్చిన పిల్లలూ ఉన్నారు. ఆ సీటుకి మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసేముందు ఆ కాలేజీలో సిగ్నల్స్, ప్రాబబిలిటీ ఎవరు చెప్తారో ఒక్కసారైనా అడిగారా?

పోలిక అడిగారు కదా, నా ఓటు ఈసీఈకి, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే సిగ్నళ్లని కంప్యూటర్ లెక్కలతో విడదీసే సబ్జెక్టు, గట్టిగా చెప్పే చోట. ఫిజిక్సే కావాలంటే బీఎస్సీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ, దానికి ఓపిక కావాలి. మన దేశంలో ఈ పని లేదనుకోకండి. పుణె దగ్గర ఖొడద్‌లో 45 మీటర్ల రేడియో టెలిస్కోపు డిష్‌లు 30 ఉన్నాయి. చంద్రయాన్‌తో మాట్లాడిన, బెంగళూరు దగ్గర బ్యాలాలులోని 32 మీటర్ల డిష్ చేసింది మన ఈసీఐఎల్ వాళ్లే.

ఈ ఆదివారం రాత్రి ఆ అట్టపెట్టె మీరే మేడ మీదికి మోసుకెళ్లండి. స్క్రీన్ మీద గీతలో చిన్న మిట్ట కనిపిస్తే అదేంటని పాపని అడిగి, చెప్పేదాకా పక్కనే కూర్చోండి.