ఆ పాప చెయ్యెత్తి అడగక్కర్లేదు

అమ్మాయీ,

నిన్న ఫోన్‌లో నీ టెన్షన్ అంతా గొంతులోనే తెలిసిపోయింది. టైప్ 1 షుగరని తేలి, ఆసుపత్రిలో ఉండి, సంక్రాంతి సెలవుల తర్వాత ఆ పాప మళ్లీ నీ ఆరో తరగతికి వచ్చిందన్నావు. వాళ్లమ్మ ఇన్సులిన్ సూదులూ షుగర్ చూసే మిషనూ ఉన్న సంచి నీ చేతిలో పెట్టి కళ్లనీళ్లు పెట్టుకుందన్నావు. "నా వల్ల ఏమైనా పొరపాటు జరిగితే ఎలా అత్తయ్యా?" అని అడిగావు. అంత హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. హైస్కూల్లో ముప్పై రెండేళ్లు సైన్స్ చెప్పాను, ఇలాంటి పిల్లలు నలుగురు నా తరగతుల్లో చదివారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నదే రాస్తున్నాను.

మొదటి పిల్లాడి విషయంలో నేను చేసిన తప్పు ముందు చెప్పాలి. వాడిది ఎనిమిదో తరగతి. భోజనానికి ముందు పీరియడ్. డెస్కు మీద తల వాల్చాడు. పేరు పెట్టి ప్రశ్న అడిగితే పొంతన లేని జవాబు చెప్పాడు. నిర్లక్ష్యం అనుకుని నిలబెట్టాను. రెండు నిమిషాల్లో చొక్కా చెమటతో తడిసిపోయింది, కాళ్లు వణికి కూలబడిపోయాడు. అదృష్టం కొద్దీ తెలివి పూర్తిగా తప్పలేదు, మింగగలుగుతున్నాడు. పక్క తరగతి టీచరు పరుగున వచ్చి పంచదార నీళ్లు తాగించింది. తేరుకున్నాక చూస్తే వాడి జేబులో గ్లూకోజ్ ప్యాకెట్ ఉంది. "మరి తినలేదేంరా?" అంటే, "క్లాసులో ఏమీ తినకూడదన్నారు కదా టీచర్" అన్నాడు. ఆ రూలు పెట్టింది నేనే. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అందుకే అన్నిటికంటే ముందు ఇది చెయ్యి. మూడు పనులకి ఆ పాప చెయ్యెత్తి నిన్ను అడగక్కర్లేదని చెప్పు. మంచినీళ్లు తాగడానికి, బాత్రూమ్‌కి వెళ్లడానికి, షుగర్ తగ్గుతున్నట్టు అనిపిస్తే తీపి నోట్లో వేసుకోవడానికి. ఒక్కసారి చెప్తే సరిపోదు, పిల్లలు నమ్మరు. మొదటి వారం రోజూ చెప్పు. నీ తరగతికి వచ్చే ప్రతి టీచరుకీ, పీఈటీ సారుకీ, నువ్వు సెలవు పెడితే నీ బదులు వచ్చేవాళ్లకీ ఇది తెలియాలి. నువ్వున్న రోజు అన్నీ బాగానే జరుగుతాయి, నువ్వు లేని రోజు గురించే నా భయం.

షుగర్ 70 కంటే తగ్గితే అది 'లో' అయినట్టు. చేతులు వణకడం, చెమట, ఆకలి, తలనొప్పి, ఉన్నట్టుండి చిరాకు, మాట తడబడటం, ఊరికే ఏడుపు. ఒక్కో పిల్లకి ఒక్కో గుర్తు ఉంటుంది, నీ పాపకి ఏముంటుందో వాళ్లమ్మని అడిగి రాసుకో. మిషన్‌తో చూసేలోపు ఆలస్యమవుతుందనిపిస్తే చూడకపోయినా పర్వాలేదు, ముందు తీపి ఇచ్చెయ్యి. మూడు టీస్పూన్ల పంచదార గ్లాసు నీళ్లలో కలిపి ఇస్తే చాలు, గ్లూకోజ్ పొడి అయినా అంతే. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడు. అప్పటికీ 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వు. దాటాక, భోజనానికి ఇంకా చాలా టైముంటే రెండు బిస్కెట్లు తినిపించు.

ఆ సమయంలో పాపని ఒక్కదాన్నీ ఎక్కడికీ పంపకు. "స్టాఫ్ రూమ్‌కి వెళ్లి పంచదార వేసుకురా" అనకూడదు. ఇంకో పిల్లని తోడిచ్చినా మెట్ల మీద పడిపోతే ఆ చిన్నపిల్ల ఏం చేస్తుంది? పాప కూర్చున్న చోటే కూర్చోవాలి, పంచదారే తన దగ్గరికి రావాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో చుక్క నీళ్లు కూడా పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యి, ఆ తర్వాత వాళ్లమ్మకి. అలాంటప్పుడు ఎవరు చెప్పినా ఇన్సులిన్ వెయ్యనివ్వకు. షుగర్ జబ్బు అనగానే ఇన్సులిన్ వెయ్యాలనుకునేవాళ్లు ఉంటారు.

షుగర్ పెరిగినప్పుడు ఇంత హఠాత్తుగా ఏమీ జరగదు. దాహం, మాటిమాటికీ బాత్రూమ్, నీరసం. నీళ్లు తాగనిచ్చి ఇంటికి ఫోన్ చేస్తే సరిపోతుంది. కానీ దానికి తోడు వాంతులు, కడుపునొప్పి, ఎగపోసుకుంటూ ఊపిరి తీయడం, నోట్లోంచి పండిన పండు వాసన, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, సాయంత్రం దాకా ఆగకూడదు. నీ బడిలో ఇంకే పిల్లయినా దాహం దాహం అంటూ, బాత్రూమ్‌కి తిరుగుతూ, నెలలో చిక్కిపోతే ఆ తల్లిదండ్రులకి రక్తపరీక్ష చేయించమని చెప్పు. నా నాలుగో పిల్లకి జబ్బు బయటపడింది అలాగే.

ఇన్సులిన్ ఎన్ని యూనిట్లన్నది నువ్వు తేల్చే విషయం కాదు. డాక్టరు రాసినది వాళ్లమ్మ ఒక కాగితం మీద రాసివ్వాలి, పాప వేసుకునేటప్పుడు నువ్వు పక్కన నిలబడి అంకె చూడాలి. పాఠశాల భోజనంలో అన్నం ఎంత తింటుందో, చిక్కీ ఏ రోజో, రాగిజావ ఏ రోజో వాళ్లమ్మకి ముందే తెలిస్తే డాక్టరుని అడిగి లెక్క వేసుకుంటుంది. చిక్కీ పంచేటప్పుడు "నీకు వద్దులే" అని పాపని దాటుకుని వెళ్లిపోకు. పుట్టినరోజు చాక్లెట్లప్పుడూ అంతే. అప్పుడే తినాలా, దాచుకుని భోజనంతో తినాలా అన్నది పాపకి నేర్పిస్తే అదే చూసుకుంటుంది. షుగర్ చూసుకునే ముందు మాత్రం చెయ్యి కడగాలి. చిక్కీ పట్టుకున్న వేలితో చూస్తే బెల్లం లెక్క కూడా కలిసి అంకె తప్పు చూపిస్తుంది. వాడిన సూదులు చెత్తబుట్టలో వెయ్యొద్దు, మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి ఇంటికి పంపించు.

ఆటల పీరియడ్ మాన్పించకు. కబడ్డీ ఆడే ముందు షుగర్ చూసుకుని, తక్కువగా ఉంటే ఏదైనా తిని ఆడాలి. ఆడిన కొన్ని గంటల తర్వాత కూడా షుగర్ పడిపోవచ్చు, కాబట్టి ఆ రోజు ఆడిందని వాళ్లమ్మకి కబురు చెయ్యి.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. "ఎవరికీ చెప్పకండి టీచర్, ఆడపిల్ల, రేపు పెళ్లి సంబంధాలు రావు" అని వాళ్లమ్మ అడిగిందన్నావు. ఆ తల్లిని కోప్పడకు. మన ఊళ్లలో ఆ భయం ఉట్టిది కాదు. కానీ దాచిపెట్టాలంటే ఆ పాప బాత్రూమ్‌లో తలుపేసుకుని సూది వేసుకోవాలి, చెమటలు పడుతున్నా నోరు మూసుకుని కూర్చోవాలి. నా రెండో పిల్ల అలాగే చేసేది. మధ్యాహ్నం సూది మానేసేది, ఎవరైనా చూస్తారని. మూడు నెలల్లో రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చారు. నువ్వు తల్లితో ఇలా మాట్లాడు: ఊరంతటికీ చెప్పక్కర్లేదు, టీచర్లకీ పాప పక్కన కూర్చునే ఇద్దరు స్నేహితురాళ్లకీ తెలిస్తే చాలు, ఆ ఇద్దరూ ఎవరన్నది పాపే చెప్తుంది. ఇంకో మాట కూడా ఆవిడకి గట్టిగా చెప్పు. ఎవరో ఆకు మందు ఇస్తానంటే ఇన్సులిన్ ఆపొద్దని. ఈ పిల్లల ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలే దెబ్బతిన్నాయి, బయట నుంచి ఇవ్వకపోతే బతకలేరు. స్వీట్లు తినడం వల్లా రాలేదు, తల్లి పెంపకం వల్లా రాలేదు. ఈ చివరి మాట ఆవిడకి రెండుసార్లు చెప్పు, లోపల తననే నిందించుకుంటూ ఉంటుంది.

తరగతిలో పాప వైపు చూడకుండా సైన్స్ పాఠంలో ఒక కథ చెప్పు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియోనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బున్న పిల్లల్ని దాదాపు పస్తులుంచి రోజులు లెక్కపెట్టుకునేవారు. మొదటిసారి ఇచ్చిన మందు శుద్ధంగా లేక సరిగ్గా పనిచెయ్యలేదు, పన్నెండు రోజుల తర్వాత ఇచ్చింది పనిచేసింది. ఆ కుర్రాడు ఇంకో పదమూడేళ్లు బతికాడు. ఇది అంటుకునే జబ్బు కాదని కూడా అప్పుడే చెప్పు. మా తరగతిలో ఈ కథ విన్నాక ఒక పిల్ల తనంతట తానే లేచి "నాకూ అదే టీచర్" అంది.

మీ హెచ్‌ఎం గారు వెనకాడితే, 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాలకి రాసిన లేఖ సంగతి చెప్పు. తరగతిలోనే షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, మధ్యలో తినడానికి ఈ పిల్లల్ని అనుమతించాలని అందులో ఉంది. సీబీఎస్ఈ వాళ్లు 2017లోనే పరీక్ష హాల్లోకి గ్లూకోజ్ బిళ్లలు, పండు, నీళ్లసీసా తీసుకెళ్లనిచ్చారు. మీ యూనిట్ టెస్టుల్లోనూ ఇప్పటి నుంచే అలా చెయ్యండి. షుగర్ పడిపోయినప్పుడు రాసిన పేపరు చూసి మార్కులు వెయ్యకు, మళ్లీ రాయించు.

మార్చి మధ్యకల్లా ఒంటిపూట బడులు వస్తాయి. పొద్దున్నే బడి, పన్నెండున్నరకి భోజనం అంటే టిఫిన్ టైమూ సూది టైమూ రెండూ మారతాయి. నెల ముందే వాళ్లమ్మని డాక్టరు దగ్గరికి పంపించి కొత్త కాగితం రాయించుకోమను. ఇన్సులిన్ ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి, ఫ్రిజ్ లేకపోతే చిన్న మట్టికుండలో నీళ్లు పోసి, ఆ నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి అందులో ఉంచండి. పంచదార డబ్బాకి తాళం వేసే బీరువా వద్దు, నీ టేబుల్ మీదే ఉండాలి. చీమలు పట్టకుండా మూత గట్టిది కొను.

ఆదివారం ఫోన్ చెయ్యి. పాప ఎలా ఉందో చెప్పు.

నీ అత్తయ్య