పెళ్లికి ఐదు వారాలే ఉంది, పళ్లు తెల్లగా చేయించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చంద్రపూర్ జిల్లా రాజురా దగ్గర పల్లె. ఇప్పుడు బల్లార్‌పూర్‌లో ఉంటున్నాం. నాకు 24 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ ముందు పళ్ల మీద తెల్ల మచ్చలు, మధ్యలో గోధుమరంగు చారలు ఉన్నాయి. ఎంత తోమినా పోవు. ఐదు వారాల్లో పెళ్లి, అబ్బాయి వాళ్లది కాగజ్‌నగర్. ఫొటోల్లో నోరు తెరిచి నవ్వలేకపోతున్నాను. ఏదో వీడియో చూసి వారం రోజులు నిమ్మరసం, వంటసోడా కలిపి రుద్దాను, ఇప్పుడు చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది. నీలం లైటు ఉన్న వైటెనింగ్ కిట్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. ఒక బ్యూటీ పార్లర్‌లో గంటలో తెల్లగా చేస్తామంటున్నారు. ఏది మంచిది? మా తమ్ముడికి ఖర్రా (వక్క, పొగాకు కలిపి నమిలేది) అలవాటు, పళ్లు ఎర్రబడ్డాయి, వాడూ నాతోపాటు చేయించుకుంటానంటున్నాడు. అక్క వాళ్లు ఇంకా ఊళ్లోనే ఉంటారు, వాళ్ల పాపకు మూడేళ్లు. దానికీ నాలాగే అవుతుందా?

సలహా: అమ్మా, ముందు ఆ నిమ్మరసం, వంటసోడా ఈ రోజే ఆపేయండి. కిట్ వస్తే తెరవకండి, వీలుంటే వెనక్కి పంపేయండి. పార్లర్‌కు మాత్రం అసలు వెళ్లొద్దు. ఇలా మొహం మీదే చెబుతున్నానని ఏమీ అనుకోకండి. మీ పళ్ల మీద ఉన్న రంగు ఏమిటో తెలియకుండా దాన్ని పోగొట్టే పనిలో పడ్డారు, నా బాధంతా అదే.

పంటి పైపొర ఎనామిల్. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నోట్లో పీహెచ్ 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది, నిమ్మరసం పీహెచ్ 2కు కాస్త అటూఇటూగా ఉంటుంది. రుద్దిన మొదటి రెండు రోజులు పళ్లు తెల్లగా కనిపించే ఉంటాయి, అది తెలుపు కాదు, పైపొర నునుపు పోయి సున్నంలా పాలిపోవడం. పైగా ఎనామిల్ కింద ఉండే డెంటిన్ అసలు రంగే లేత పసుపు, కాబట్టి పైపొర పల్చబడేకొద్దీ ఆ పసుపే బయటికి తేలుతుంది. పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు. వారం రోజులే రుద్దారు కాబట్టి పెద్దగా భయపడక్కర్లేదు, జివ్వుమనడం చాలావరకు తగ్గుతుంది. మెత్తని బ్రష్ వాడండి, పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టు రోజూ రెండుసార్లు వాడండి, తోమాక ఆ పేస్టును వేలితో పళ్ల మీద రాసి ఒకటి రెండు నిమిషాలు ఉంచి ఉమ్మేయండి. బొగ్గు పొడులు, ఉప్పు, ఇటుక పొడి లాంటివి కూడా దగ్గరికి రానీయకండి, గరుకు పొడి ఏదైనా ఎనామిల్‌ను అరగదీస్తుంది.

ఇక మీ మచ్చల సంగతి. పగటి వెలుతురులో, లిప్‌స్టిక్ లేకుండా, కిటికీ పక్కన అద్దం పెట్టుకుని చూడండి. కుడివైపు పన్ను మీద ఎక్కడ ఎలాంటి మచ్చ ఉందో ఎడమవైపు దాని జోడు పన్ను మీదా దాదాపు అక్కడే, అలాగే ఉందా? ఉంటే, మీరు రాసిన వివరాలతో కలిపి చూస్తే, అది ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు వచ్చే లోపం, కావడానికే ఎక్కువ అవకాశం. చంద్రపూర్ జిల్లాలో కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన వాళ్లకు ఫ్లోరైడ్ అనగానే నల్లగొండే గుర్తొస్తుంది గానీ ఈ వైపూ ఆ బాధ ఉంది. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకే మంచిదని మన దేశ ప్రమాణం చెబుతుంది, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లు పసితనంలో, అంటే పళ్లు ఇంకా దవడ ఎముకలోపల తయారవుతున్నప్పుడు తాగితే, ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. బయటికి వచ్చాక ఆ లోపం తెల్ల మచ్చగా కనిపిస్తుంది, తర్వాత అందులోకి రంగు ఇంకి గోధుమ చార అవుతుంది. ఇది మీరు సరిగ్గా తోమకపోవడం వల్ల వచ్చింది కాదు. చాలామంది అమ్మాయిలు నా ముందు కుర్చీలో కూర్చుని చేయి అడ్డం పెట్టుకునే మాట్లాడతారు, శుభ్రంగా ఉండరని ఎవరైనా అనుకుంటారేమోనని. మీ శుభ్రతకూ ఈ మచ్చలకూ సంబంధం లేదు.

ఇంకో రెండు మూడు రకాలు కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చదివేవాళ్లందరికీ ఫ్లోరోసిస్ ఉండదు. చిగుళ్ల దగ్గర గరుకుగా పసుపుగానో నల్లగానో పేరుకున్నది గార, అది క్లీనింగ్‌తోనే పోతుంది, వైటెనింగ్ అక్కర్లేదు. ఒక్క పన్నే నల్లబడితే ఎప్పుడో దెబ్బ తగిలి లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు, దానికి ఎక్స్‌రే, రూట్‌కెనాల్, ఆ తర్వాత పంటి లోపలి నుంచి వైటెనింగ్. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ రకం మందులు వాడినవాళ్లకు పళ్లకు అడ్డంగా బూడిదరంగు పట్టీలు పడతాయి, వాళ్లకు నెలల తరబడి చేయాలి. వయసుతో వచ్చే పసుపుకీ, టీ మరకలకీ వైటెనింగ్ బాగా పనిచేస్తుంది. ఇన్ని రకాలకూ పార్లర్‌లో ఉండేది ఒక్కటే సీసా.

ఆ సీసాలో ఉండేది సాధారణంగా హైడ్రోజన్ పెరాక్సైడ్, లేదా నోట్లో దాన్ని విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్. ఇది గోడకు సున్నం కొట్టినట్టు పైపూత కాదు. ఎనామిల్ గుండా లోపలికి వెళ్లి రంగు పదార్థాలను విడగొడుతుంది. అందుకే పద్ధతిగా వాడితే పని చేస్తుంది, అందుకే పద్ధతి తప్పితే మండుతుంది కూడా. క్లినిక్‌లో ఒక్క పూటలో చేసేటప్పుడు 25 నుంచి 40 శాతం దాకా గాఢత వాడతారు, దానికి ముందు చిగుళ్ల అంచున రెసిన్ అనే రక్షణ పూత పూసి గట్టిపరిచి, పెదవులు పక్కకు పట్టి ఉంచి, ఒక్కో విడత కొద్ది నిమిషాలే ఉంచి తుడిచేస్తారు. పార్లర్‌లో చేయించుకుని మర్నాడే నా దగ్గరికి వచ్చిన ఒకామెకు పై చిగురు అంచంతా సున్నం పెట్టినట్టు తెల్లగా పొక్కిపోయింది, మంచినీళ్లు కూడా పుక్కిలించలేకపోయింది. నాలుగైదు రోజుల్లో మానింది గానీ, ఆమెకు ముందే రెండు పిప్పిపళ్లు ఉన్నాయి, మందు వాటిలోకి దిగి ఆ రాత్రంతా నొప్పితో నిద్ర లేదు. నోరు చూడకుండా మందు పెడితే జరిగేది ఇదే. మన దేశంలో పంటి వైద్యం చేయాలంటే చట్టప్రకారం డెంటిస్టుగా రిజిస్ట్రేషన్ ఉండాలి. గోడ మీద సర్టిఫికెట్ అడిగి చూడండి, మొహమాటం వద్దు.

నీలం లైటు గురించి ఒక్క మాట. పని చేసేది మందు, లైటు కాదు. లైటు పెట్టినా పెట్టకపోయినా కొన్ని వారాల తర్వాత చూస్తే తేడా పెద్దగా ఉండదు. చేసిన రోజు పళ్లు మరీ తెల్లగా మెరవడానికి మరో కారణం ఉంది, నోరు గంటసేపు తెరిచి ఉంచడంతో పళ్లు తడి ఆరిపోతాయి, తడి ఆరిన పన్ను ఎప్పుడూ తెల్లగానే కనిపిస్తుంది. మళ్లీ లాలాజలం పట్టాక ఒక మెట్టు తగ్గుతుంది. అప్పుడు జనం మోసపోయామనుకుంటారు.

మీ విషయంలో అసలు ఇబ్బంది వేరే. వైటెనింగ్ మచ్చను వెతుక్కుంటూ పోదు, పన్ను మొత్తాన్నీ తెల్లబరుస్తుంది. మీ పళ్ల మీద ఉన్న తెల్ల మచ్చలు కూడా ఇంకా తెల్లబడొచ్చు, మొదటి రోజుల్లో మరీను. గాఢమైన మందుతో గంటలో చేయించుకుని మర్నాడు పెళ్లిపీటల మీద కూర్చుంటే మచ్చలు ఇప్పటికంటే కొట్టొచ్చినట్టు కనిపించే ప్రమాదం ఉంది. అందుకే మీకు నెమ్మదిగా వెళ్లడమే మంచిది, ఐదు వారాలంటే టెన్షన్ పడక్కర్లేదు, ఈ వారమే మొదలుపెడితే సమయం సరిపోతుంది.

మొదట పంటి డాక్టర్‌కు చూపించి పిప్పిపళ్లు ఉంటే నింపించుకుని క్లీనింగ్ చేయించుకోండి. క్లీనింగ్ చేస్తే పళ్లు వదులైపోతాయని మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, అత్తో అమ్మమ్మో. పళ్ల సందుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న గార తీసేస్తే అక్కడ ఖాళీ తెలుస్తుంది, అంతే. పళ్లను వదులు చేసేది ఆ గారే. తర్వాత గోధుమ చారలకు మైక్రో అబ్రేషన్ అని ఒకటి చేస్తారు, పల్చని ఆమ్లం కలిసిన సన్నని పొడి పేస్టుతో మచ్చ ఉన్న పైపైన పొరను మాత్రమే, మిల్లీమీటరులో చిన్న భాగం, జాగ్రత్తగా తీస్తారు. ఆమ్లమే కదా, మరి నిమ్మరసం తప్పన్నారేంటి అని అడగొచ్చు మీరు. అక్కడ రబ్బరు తెర కట్టి, ఆ మచ్చ వరకే, సెకన్లు లెక్కపెట్టి చేస్తారు, ఇంట్లో మీరు వారం పాటు నోరంతా రుద్దారు. తేలికపాటి ఫ్లోరోసిస్‌కు ఇదే సగం పని చేసేస్తుంది.

ఆ తర్వాత అవసరమైతే ఇంట్లో ట్రే పద్ధతి. మీ పళ్ల అచ్చు తీసి దానికి సరిగ్గా సరిపోయే పల్చని ట్రే చేసి ఇస్తారు, అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ బియ్యపు గింజంత ఒక్కో పంటికి పెట్టి రాత్రి పడుకునేటప్పుడు వేసుకోవాలి, పది పద్నాలుగు రాత్రులు. 10 శాతం అంటే భయపడకండి, దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ మూడున్నర శాతమే. ఈ పద్ధతి 1989 నుంచీ ప్రచారంలో ఉంది, నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది దీని మీదే. జివ్వుమంటే ఒక రాత్రి ఆపి మర్నాడు వేసుకోండి, ఏమీ నష్టం లేదు. పెళ్లికి కనీసం రెండు వారాల ముందే ఇది ముగించాలి. రంగు స్థిరపడటానికి ఆ సమయం కావాలి, అంతేకాదు, ఇంకా మిగిలిన మచ్చ మీద పంటి రంగు ఫిల్లింగ్ వేయాల్సి వస్తే వైటెనింగ్ అయిన వెంటనే వేస్తే అది సరిగ్గా అతుక్కోదు, రెండు వారాలు ఆగాలి. మచ్చలు లోతుగా ఉండి గుంటలు పడి ఉంటే మాత్రం వైటెనింగ్ మీద డబ్బు పెట్టొద్దు, నేరుగా కాంపోజిట్ వెనీర్, అంటే పంటి ముందువైపు అతికించే పంటి రంగు పొర, గురించి అడగండి. ఖర్చు గురించి ఆలోచనైతే నాగ్‌పూర్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, మీ ఊరి బల్లార్షా స్టేషన్ నుంచి రైళ్లు బాగానే ఉన్నాయి.

ముందే వేసిన క్యాపులు, ఫిల్లింగులు తెల్లబడవు, అవి ఉంటే డాక్టర్‌కు చెప్పండి. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ట్రే వాడే రోజుల్లో టీ తగ్గించండి, పసుపు ఎక్కువ పడ్డ పప్పు, కూరలు కూడా. పెళ్లింట్లో ఇది కష్టమని తెలుసు, తిన్న వెంటనే నీళ్లతో పుక్కిలించినా చాలావరకు నయం.

ఇంకో మాట, డాక్టర్ దగ్గర షేడ్ గైడ్ అని పళ్ల రంగుల నమూనాలు 16 ఉంటాయి, మొదటి రోజే మీ పన్ను పక్కన పెట్టి చూపించమని, రాసి పెట్టమని అడగండి. అందులో చాలా తెల్లగా ఉన్న నమూనా కూడా కాగితంలా ఉండదు. సహజంగానే పళ్లు కాస్త పసుపు ఛాయలో ఉంటాయి, కోరపళ్లు ఇంకొంచెం ఎక్కువ. కాగితం తెలుపు కావాలని అడిగితే ఇచ్చేవాళ్లు దొరుకుతారు, మీరు అడగకండి.

మీ తమ్ముడి గురించి ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది ఆ ఒక్క వాక్యమే. అతని ఎర్ర మరకలు క్లీనింగ్, పాలిషింగ్‌తో చాలావరకు పోతాయి, ఖర్రా మానకపోతే మళ్లీ వస్తాయి. రంగు సంగతి అంతే. వక్క ముక్కలు, పొగాకు, సున్నం పన్నీలో (ప్లాస్టిక్ కాగితంలో) వేసి నలిపి బుగ్గన పెట్టుకునే ఆ ఖర్రా పళ్లకంటే ముందు బుగ్గ లోపలి పొరను పాడు చేస్తుంది. పొగాకు ఒక్కటే చెడ్డదనుకుంటారు, ఒట్టి వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. ఈ రోజే అతన్ని కూర్చోబెట్టి నోరు బాగా తెరవమనండి, తన మూడు వేళ్లు, చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు, ఒకదానిమీద ఒకటి నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పట్టాలి. పట్టకపోతే, లేదా కారం తొక్కు తింటే ఇదివరకు లేని మంట పుడుతుంటే, బుగ్గ లోపల పాలిపోయి తాళ్లలా గట్టిగా తగులుతుంటే, రెండు వారాలైనా మానని పుండో తెల్ల మచ్చో ఎర్ర మచ్చో కనిపిస్తే, పెళ్లి పనులున్నాయని ఆగొద్దు, ఈ వారమే చూపించండి. అలాంటి నోట్లో వైటెనింగ్ మందు పెట్టనే కూడదు. తిట్టకుండా చెప్పండి, తిడితే వాళ్లు నోరు చూపించరు.

ఇక పాప. మూడేళ్లంటే దాని శాశ్వత ముందు పళ్ల ఎనామిల్ ఇప్పుడు దవడలో తయారవుతూనే ఉంది, దవడపళ్లది ఏడెనిమిదేళ్ల దాకా సాగుతుంది. అంటే మీకు జరిగినదాన్ని పాపకు చాలావరకు ఆపడానికి ఇంకా సమయం ఉంది. తాగే నీళ్లు, వంట నీళ్లు ఏ బోరువో వాటిని పరీక్ష చేయించమని అక్కకు చెప్పండి, ఎక్కడ చేస్తారో గ్రామపంచాయతీలో అడిగితే తెలుస్తుంది. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా పనికిరాదు, ఆర్వో నీళ్లో, ఫ్లోరైడ్ లేని వేరే బావి నీళ్లో కావాలి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తేర్చే నల్లగొండ పద్ధతిని 1970లలో తయారు చేసింది ఇక్కడి నాగ్‌పూర్‌లోని నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థే, ఊరంతటికీ కావాలంటే పంచాయతీ వాళ్లతో ఆ మాట కూడా ఎత్తొచ్చు. పాపకు పేస్టు బఠానీ గింజంతే పెట్టి, తోమాక ఉమ్మేయడం పక్కనుండి నేర్పించాలి. మీరు పెళ్లికార్డు ఇవ్వడానికి ఊరికి వెళ్తారు కదా, వచ్చేటప్పుడు శుభ్రమైన సీసాలో ఆ బోరు నీళ్లు లీటరు పట్టుకొచ్చి మీరే ల్యాబులో ఇచ్చేయండి, అక్క మీద వదిలేస్తే ఆ పని ఈ పెళ్లి హడావిడిలో ఎక్కడో ఉండిపోతుంది.