పెద్దల సమాధికి సిమెంటు ముట్టించొద్దు

చిరంజీవి మేనల్లునికి ఆశీస్సులు.

పెత్తరమాస (మహాలయ అమావాస్య) లోపల మీ ఇంటి పెద్దల సమాధి మండపం బాగుచేయించాలని మీ చిన్నాయన కాంట్రాక్టరుతో మాట్లాడాడని రాశావు. సిమెంటు ప్లాస్టరు, కింద గ్రానైటు పలకలు, పైన ఎనామిల్ రంగు అని అతను లెక్క కూడా కట్టి ఇచ్చాడన్నావు. బయానా ఇంకా ఇవ్వలేదు కదా, ఆ లెక్క పక్కన పెట్టించు. మీ మండపం కట్టింది రాయితో, ఇటుకతో, డంగు సున్నంతో. దాని మీద సిమెంటు పూస్తే ఈ పెత్తరమాసకు తెల్లగా కళకళలాడుతుంది. కొన్ని వానాకాలాలు పోయేసరికి ఆ పూతతో పాటు లోపలి పాత గచ్చు (సున్నపు పూత) కూడా పెళ్లలు పెళ్లలుగా ఊడివస్తుంది.

ఎందుకో తెలిస్తే మీ చిన్నాయనకు నువ్వే నచ్చజెప్పగలవు. సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ, పైకప్పు నుంచి దిగిన నీరు గచ్చులోంచే ఆవిరైపోతాయి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కుకున్న నీటిలో ఉప్పు కరిగి ఉంటుంది, సిమెంటు తన ఉప్పు మరికొంత కలుపుతుంది. ఎండాకాలం నీరు ఇగిరేటప్పుడు పూత వెనకాల ఆ ఉప్పు గడ్డకట్టి, ఏది మెత్తగా ఉంటే దాన్ని పిండి చేస్తుంది. అక్కడ మెత్తగా ఉండేది మీ ముత్తాతల నాటి గచ్చే. పైగా పాలమూరు ఎండకు రాయి పగలు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. సున్నం ఆ కదలికకు ఒదుగుతుంది, సిమెంటు ఒదగక సన్నటి పగుళ్లు ఇస్తుంది. ఆ పగుళ్లలోంచి నీరు లోపలికి పోతుంది గాని బయటికి రాదు.

గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు 2013లో మొదలుపెట్టిన పనుల్లో ఒకటి, పాత మరమ్మతుల్లో పూసిన సిమెంటును చెక్కి తీసి మళ్లీ సున్నం పట్టించడం. ఒకసారి పూసింది తీయడానికి ఎంత పనో ఆలోచించు. హైదరాబాదు పీసల్‌బండలోని ‘పైగా’ వంశపు సమాధులు నిజాం కొలువులోని ఉమ్రావుల (సర్దార్ల) కుటుంబానివి, 18వ శతాబ్దం చివర మొదలైనవి. అక్కడి నగిషీ అంతా సున్నపు గచ్చు పనే. మీ ఊరి మేస్త్రీని తీసుకుపోయి ఒక పూట చూపించు. నోటితో చెప్పే నాలుగు మాటల కంటే అది మేలు.

మండపం ఇంతగా పాడవడానికి వయసొక్కటే కారణం కాదు. వనపర్తి, గద్వాల, జటప్రోలు సంస్థానాల సీమలో ఇటువంటి సమాధుల దగ్గర దీపం పెట్టేవాళ్లకు, సున్నం కొట్టేవాళ్లకు ఇనాం భూములు ఉండేవి. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. భూమి ఎవరికి దక్కినా ఏటేటా కప్పెక్కి చూసే మనిషి లేకుండా పోయాడు. కప్పు మీద సన్న పగులు ఆ ఏడే పూడిస్తే గంట పని. వదిలేస్తే రావి మొక్క మొలుస్తుంది.

ఈ చరిత్ర మీకు కాగితాల్లో దొరుకుతుంది. వారసత్వం తేల్చి నిజాం కాలంలో ఇచ్చిన ముంతఖబ్ ఇంట్లో ఏ ట్రంకు పెట్టెలోనో ఉండొచ్చు. వారసుల పేర్లు, వరసలు అందులో ఉంటాయి. ఉర్దూ చదవగల పెద్దమనిషికి చూపించు. ఇంట్లో లేకపోతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడుగు. సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డుల నకళ్లు తీయించి ఆ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో చూడు. మిగతా వారసుల చేత కూడా పనికి ఒప్పుకున్నట్టు సంతకాలు పెట్టించుకో. పని సగంలో ఉండగా అన్నదమ్ముల పంచాయితీ లేస్తే, కప్పు విప్పిన మండపం ఆ వానాకాలమంతా తడుస్తుంది. కట్టడం రక్షిత జాబితాలో ఉందేమో హెరిటేజ్ తెలంగాణ శాఖలో కనుక్కో. ఉంటే 2017 నాటి రాష్ట్ర వారసత్వ చట్టం కింద అనుమతి లేకుండా చెయ్యి పెట్టకూడదు. కేంద్రం రక్షణలోని కట్టడమేదైనా దగ్గర్లో ఉంటే దాని చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి.

శాసనపు రాయి ఉందన్నావు. అక్షరాల్లో రంగు నింపొద్దు, సుద్ద రుద్దొద్దు, నూనె పూయొద్దు. చీకటి పడ్డాక టార్చిలైటు రాయికి ఒక పక్క ఆనించి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టి ఫోటో తియ్యి. పగలు కనబడని గీత కూడా నీడతో తేలుతుంది. నాలుగు దిక్కుల నుంచీ అట్లాగే తియ్యి. శక సంవత్సరం ఉంటే 78 కలుపు, ఫసలీ (నిజాం నాటి రెవెన్యూ సంవత్సరం) ఉంటే 590 కలుపు, ఒక ఏడాది అటూ ఇటూగా సరిపోతుంది. తెలుగు సంవత్సరం పేరు కూడా చెక్కి ఉంటే దానితో పోల్చి చూడు. హిజ్రీ చాంద్రమానం, ఏడాదికి 11 రోజులు తగ్గుతుంది కాబట్టి కూడికతో కుదరదు, పట్టిక చూడాల్సిందే.

ఇప్పుడు శ్రావణం. పెత్తరమాసలోగా చేయగలిగినవి చేసి, సున్నం పని దీపావళి తర్వాత పెట్టుకోండి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి అదును. వానల్లో పచ్చి సున్నం కడుక్కుపోతుంది, ఎండాకాలం గట్టిపడక ముందే ఎండి పొడిగా రాలుతుంది. సున్నం గట్టిపడేది ఎండడం వల్ల కాదు, తడిగా ఉండి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారడం వల్ల. ఇది తెలియక పాడుచేసిన పనులే ఎక్కువ.

ముందుగా ప్రతి ముఖానికీ నేరుగా నిలబడి, పక్కన కొలకర్ర పెట్టి ఫోటోలు తీయించు. పగుళ్లన్నిటికీ నంబర్లు వేసి కాగితం మీద గీయించు. పెద్ద పగులుకు అడ్డంగా సన్నటి గాజు పలకను రెండు చివర్లా అతికించి తేదీ రాయి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు. అప్పుడు పూత పని ఆపి పునాది చూడాలి. మీది నల్లరేగడి నేల, వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. స్తంభం ఒరిగినా, దూలం విరిగినా అది మేస్త్రీ పని కాదు, పాత కట్టడాల మీద పనిచేసిన ఇంజినీరును పిలవాలి.

కప్పు మీది రావి, జువ్వి మొక్కల్ని పట్టి పీకనివ్వొద్దు. వేరు రాళ్ల సందుల్లో అల్లుకుని ఉంటుంది, పీకితే రాయి కూడా కదిలి వస్తుంది. మొదలు దగ్గర కోసి, పచ్చిగా ఉండగానే మోడులో సన్న రంధ్రాలు చేసి కలుపుమందు పోయించాలి. గ్లైఫోసేట్ లాంటి మందుల మీద ఆంక్షలుండొచ్చు కాబట్టి వ్యవసాయాధికారిని అడిగి, లైసెన్సున్న వాళ్ల చేతే చేయించు. వేరు చచ్చి ఎండిన తర్వాత వచ్చినంత తీసి ఆ సందు సున్నంతో పూడ్చాలి. సగం చచ్చిన వేరు మీద పూడిస్తే మరుసటి వానకు మళ్లీ చిగురిస్తుంది.

ఆ తర్వాత నీళ్ల సంగతి. ఇన్నేళ్లలో చుట్టూ మట్టి పేరుకుని మండపం పీఠం కంటే ఎత్తయి ఉంటుంది. పాత నేల మట్టం దాకా తీయించి, బయటికి 50 అడుగులకు 1 అడుగు లెక్కన వాలు పెట్టించు. ఆ మట్టి పలుగుతో తవ్వకుండా పారతో పొరలు పొరలుగా తీయాలి, విరిగిన నగిషీ ముక్కలు అందులోనే ఉంటాయి. దొరికిన ప్రతి ముక్కా ఎక్కడిదో రాసి గోనెసంచిలో దాచు. చుట్టూ గ్రానైటు పరిస్తే మాత్రం నేల చెమ్మంతా గోడలోకే ఎక్కుతుంది, ఆ ఆలోచన మానుకోండి. తవ్వకం చూసి గుప్తనిధులని పుకారు లేవడం మన దిక్కున మామూలే. పంచాయతీ సెక్రటరీకి, పోలీసు స్టేషనుకు ముందే రాసివ్వు, రాత్రి కావలి పెట్టు. నిజంగా పాత నాణేల్లాంటివి దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

సున్నం ఈ నెలలోనే నానేయాలి. సంచుల్లో దొరికే పొడి నమ్మొద్దు. చిటికెడు పళ్లెంలో వేసి నిమ్మరసం పిండి చూడు. బుసబుసా పొంగితే అది గాలి తగిలి అప్పటికే సగం రాయైపోయిన సున్నం, పట్టు ఉండదు. బట్టీలో కాల్చిన తాజా గడ్డలు తెప్పించు, పిడుగురాళ్ల నుంచి వస్తాయి. మంచి గడ్డ తేలికగా ఉంటుంది. బరువుగా ఉంటే లోపల కాలలేదన్నమాట. ఇటుక తొట్టిలోనో ఇనుప డ్రమ్ములోనో ముందు నీళ్లు పోసి, తర్వాత గడ్డలు కొంచెం కొంచెంగా వేయాలి. బుడగలు కక్కుతూ ఉడుకుతుంది, చిమ్మితే కన్ను పోతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు, ప్లాస్టిక్ డ్రమ్ము అసలే వద్దు. చల్లారాక సన్న జల్లెడలో వడకట్టి, పైన నాలుగు వేళ్ల నీరు నిలిచేట్టు మూతపెట్టి ఉంచు. నెల రోజులు తక్కువలో తక్కువ, మూడు నెలలైతే వెన్నలా దిగుతుంది. నానని పలుకు పూతలోకి పోతే గోడ మీద ఉడికి పొక్కులు లేపుతుంది.

ఇసుక మట్టి లేనిది కావాలి. సీసాలో సగం ఇసుక, నిండా నీళ్లు పోసి కుదిపి గంట ఉంచు. పైన ఒండు మందంగా పేరుకుంటే కడగాలి. సుర్ఖీకి (ఇటుక పొడికి) చేత్తో చేసిన, కొంచెం తక్కువ కాలిన ఎర్ర ఇటుకలు దంచించు. నల్లగా మాడిన ఇటుక పొడి సున్నంతో కలిసి గట్టిపడదు. మొదటి పూతకు సున్నపు ముద్ద 1 పాలు, సుర్ఖీ 1, ఇసుక 2. నూరు చదరపు అడుగులకు 12 మిల్లీమీటర్ల మందాన సుమారు 40 లీటర్ల ముద్ద, 40 లీటర్ల సుర్ఖీ, 80 లీటర్ల ఇసుక పడుతుంది. అంత ముద్దకు 20 నుంచి 25 కిలోల గడ్డలు నానేయాలి. గానుగలోనో, చక్రాల మిల్లులోనో రుబ్బించు. పారతో తిప్పిన దానికీ, రుబ్బిన దానికీ పొంతనే ఉండదు. కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం మంచిదే, కానీ సున్నం బరువులో నూటికి రెండు మూడు పాళ్లు దాటనివ్వొద్దు. ఎక్కువైతే బూజు పడుతుంది, చీమలు పడతాయి.

పని కప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. కప్పు మీది గచ్చు ఎక్కడ చచ్చిందో అక్కడ మాత్రమే తీసి, ఇటుక కంకర రెండున్నర పాళ్లకు సున్నం ఒక పాలు వేసి, చెక్క దిమ్మిసలతో వారం రోజులు కొట్టించాలి. కొట్టేకొద్దీ నీరు పైకి తేలి అణుగుతుంది. దిమ్మిస ఎగిరిపడే దాకా ఆపొద్దు. కప్పు కారడం ఆగకుండా గోడలు ముట్టడం దండగ.

గోడ మీది పాత గచ్చును వేలి కణుపుతో తట్టి చూడు. ఖంగుమంటే దాన్ని అసలు ముట్టుకోవద్దు. డొల్లగా మోగితే పక్కన సన్న రంధ్రం చేసి, నీళ్లతో తడిపి, వడకట్టిన సున్నం, మెత్తటి సుర్ఖీ పాలలా కలిపి సిరంజీతో కింద నుంచి పైకి ఎక్కించాలి. రోజుకు కొంచెమే, బరువుకు పెళ్ల విడిపోకుండా దూది, చెక్క పెట్టి ఆనించాలి. ఊడిపోయిన చోట మాత్రమే కొత్త పూత. ముందురోజు సాయంత్రం గోడ తడిపి, పూసే ముందు మళ్లీ తడపాలి, లేకపోతే పొడి రాయి నీరంతా లాక్కుని పూత పట్టదు. ఒక్కో పూత 12 మిల్లీమీటర్లకు మించొద్దు, మందంగా పూస్తే పగులుతుంది. తడి గోనెపట్టా వేలాడదీసి వారం పైనే చెమ్మగా ఉంచి, తర్వాతే పైపూత. రంగు అంటే పలచటి సున్నపు నీళ్లు ఐదు చేతులు, అంతే. ఎనామిల్, ఎమల్షన్ ఏదైనా సిమెంటు చేసిన పనే చేస్తుంది. రాతి మీది పాత సున్నం పొరలు వెదురు పుల్లతో గీకించు. యాసిడ్, ఇనుప బ్రష్షు, గ్రైండరు ఆవరణలోకి రానీయొద్దు.

పెత్తరమాసకు వచ్చేవాళ్లను నొప్పించాల్సిన పనిలేదు. కొబ్బరికాయ కొట్టడానికి విడిగా ఒక బండ వేయించు, దీపం కింద మట్టి మూకుడు పెట్టించు. రాయిలోకి దిగిన నూనె మళ్లీ రాదు.

మేస్త్రీకి చదరపు అడుగు లెక్కన గుత్త ఇవ్వొద్దని మీ చిన్నాయనకు గట్టిగా చెప్పు. గుత్త అంటే పూతకూ పూతకూ మధ్య ఎవరూ ఆగరు. రోజుకూలి ఇవ్వండి, సిమెంటు బస్తా ఆవరణలో కనిపిస్తే పని ఆగుతుందని కాగితంలో రాయించండి. ముందు మండపం వెనక వైపు అడుగు పొడవు, అడుగు వెడల్పున నమూనా పూయించి నెల రోజులు చూడు. గోరుతో గీస్తే పొడి రాలకుండా, పగుళ్లు లేకుండా ఉంటే ఆ పాళ్లే ఖాయం చేసుకో. రాలితే ఇసుక, సున్నం రెండూ గుప్పెడు గుప్పెడు పొట్లం కట్టి నాకు పంపు.

మీ అమ్మకు, బావకు నేను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మేనమామ