ఒకే బాట, ఏడాది పొడవునా

ఊరి బయటి నడకల గురించి, మారే కాలాలను గమనించడం గురించి, కొత్తగా మొదలుపెట్టడంలోని ఇబ్బందుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలు, వాటికి మా జవాబులు.

ప్రశ్న: కొత్త సంవత్సరం వస్తే చాలు, రోజూ పొలాల వైపు నడవాలని తీర్మానించుకుంటాను. రెండు వారాలు సాగుతుంది, ఆగిపోతుంది. నాకు పట్టుదల లేదనుకోవాలా?

జవాబు: పట్టుదల సంగతి పక్కన పెట్టండి. కొత్త తేదీకి మనిషిని కదిలించే శక్తి నిజంగానే ఉంది. వారం, నెల, ఏడాది మొదట్లో జనం వ్యాయామశాలలకు ఎక్కువగా వెళతారని హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. అయితే ఆ తేదీ గడప దాటించడం వరకే పనికొస్తుంది. కొత్త అలవాటు ఎన్నాళ్ళకు కుదురుతుందో లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం పరిశీలించింది. మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని లెక్క తేలింది. అంటే మీరు ఆగిపోతున్నది అలవాటు ఇంకా పాదుకోకముందే. ఒక రోజు తప్పినంత మాత్రాన పని చెడలేదని కూడా వాళ్ళు గమనించారు. కాబట్టి తప్పిన రోజు లెక్క సరిచేయాలని మర్నాడు రెట్టింపు నడవకండి. పిక్కలు పట్టేసి మూడో రోజు కూడా పోతుంది.

సాధారణంగా నడక ఆగిపోయేది రెండు చోట్ల. ఉత్సాహం కొద్దీ మొదటి రోజే ఎక్కువ దూరం పెట్టుకోవడం ఒకటి, ఏ పొద్దుకాపొద్దు 'ఇవాళ ఎటు?' అని ఆలోచించుకోవాల్సి రావడం ఇంకొకటి. బాట ఒక్కటే పెట్టుకోండి, వేళ ఒక్కటే పెట్టుకోండి. గడియారం చూసి 15 నిమిషాలు ముందుకు, 15 నిమిషాలు వెనక్కి. మూడు వారాల దాకా ఒక్క నిమిషం కూడా పెంచకండి. ఆ తర్వాత వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచవచ్చు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి చాలకూడదు: అదీ సరైన వేగం. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి ఐదు రోజులు అరగంట నడిస్తే అది తీరిపోతుంది.

ప్రశ్న: రోజూ ఒకే దారిలో నడిస్తే విసుగు పుట్టదా?

జవాబు: మొదటి నెలలో పుడుతుంది. ఆ తర్వాత ఆ దారే మిమ్మల్ని పట్టి ఉంచుతుంది. కొత్త చోట అన్నీ కొత్తే కాబట్టి అక్కడ ఏది మారిందో తెలియదు. నిన్న చూసిన కొమ్మనే ఇవాళ చూసినప్పుడు చిగురు ఉబ్బిన సంగతి కంటపడుతుంది. కాలం మారడాన్ని చూడాలంటే మారని చోటు ఒకటి కావాలి. ఈ శీర్షికలో మేము గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

బాట ఎంచుకునేటప్పుడు నాలుగు సంగతులు చూడండి. ఇంటి నుంచి పది నిమిషాల్లో చేరగలగాలి. దారిలో ఎక్కడో ఒక చోట నీరు ఉండాలి: కుంటయినా, కాలువయినా సరే. తూర్పో పడమరో ఒక దిక్కున దిగంతం విశాలంగా కనిపించాలి. రెండు రకాల నేల కలిసే అంచు ఒకటి ఉండాలి: పొలానికీ పొదలకీ మధ్య, బీడుకీ తడి నేలకీ మధ్య. పక్షులు, సీతాకోకచిలుకలు, రకరకాల గడ్డి ఎక్కువగా ఆ అంచుల్లోనే కనిపిస్తాయి. దారి ఎవరి భూమి మీదుగానైనా పోతుంటే వాళ్ళను అడిగే వెళ్ళండి. గేటు మూసి ఉంటే మళ్ళీ మూయండి, తెరిచి ఉంటే అలాగే వదలండి.

చుట్టి వచ్చే దారి కంటే వెళ్ళిన దారినే తిరిగి రావడం మేలు. ఒకే చెట్టును రెండు వైపుల నుంచి, రెండు రకాల వెలుగులో చూస్తారు.

ప్రశ్న: నడకల గురించి నోటుపుస్తకం రాద్దామని కూర్చుంటే 'చల్లగా ఉంది', 'అందంగా ఉంది' తప్ప ఏమీ రావడం లేదు. ఏం రాయాలి?

జవాబు: వర్ణన మానేసి గుర్తులు రాయండి. పది కంటే ఎక్కువ వద్దు.

మూడు చెట్లు ఎంచుకోండి. ఫలానా జాతి అని కాకుండా ఫలానా చెట్టు అని: బావి పక్కది, మలుపులోది, ఒంటరిగా ఉన్నది. ఒక్కోదానిలో కంటి ఎత్తున ఉన్న ఒక కొమ్మకు వదులుగా దారం కట్టండి. బిగిస్తే కొమ్మ లావయ్యేకొద్దీ బెరడు కోసుకుపోతుంది. ఆ కొమ్మకు మొగ్గ పగిలిన రోజు, మొదటి పువ్వు విచ్చిన రోజు, సగం పూత, మొదటి పిందె, ఆకు రాలడం మొదలైన రోజు రాయండి. 'మొదటి పువ్వు' అంటే మీ లెక్కలో ఏమిటో పుస్తకం మొదటి పేజీలోనే రాసి పెట్టుకోవాలి. రేకులు విడి లోపలి కేసరాలు కనిపిస్తేనే విచ్చినట్టు అనుకోవచ్చు. ఈ ముక్క రాసుకోకపోతే వచ్చే ఏడాది మొగ్గనే పువ్వుగా లెక్కేస్తారు, రెండేళ్ళ తేదీలను పోల్చడం వృథా అవుతుంది.

అందరూ వదిలేసేదీ, అన్నిటికంటే విలువైనదీ 'ఇంకా లేదు' అన్న మాట. 8వ తేదీన 'ఇంకా లేదు' అనీ 12న 'విచ్చింది' అనీ ఉంటే ఈ మధ్యలోనే విచ్చిందని తేలుతుంది. 12వ తేదీ ఒక్కటే ఉంటే, అది అంతకు పది రోజుల ముందే విచ్చి ఉండవచ్చు. వలస పక్షుల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. వచ్చిన రోజు తెలుస్తుంది. వెళ్ళిన రోజు మాత్రం, కనిపించిన ప్రతిసారీ రాస్తేనే, తర్వాత వెనక్కి తిరగేసినప్పుడు దొరుకుతుంది.

మిగిలిన గుర్తులు: నీటి మట్టం (ఒక రాయి మీద గీత పెట్టుకుని దానికి ఎన్ని వేళ్ళ పైన, ఎన్ని వేళ్ళ కింద అని), గాలి ఏ దిక్కు నుంచి, గడ్డి మీద మంచు పడిందా లేదా, మొదటి తూనీగ, రాత్రి కీచురాళ్ళ చప్పుడు మొదలైన రోజు. ఇంటికి వచ్చాక కాదు, నిలబడ్డ చోటే రాయాలి. ఇంటికొచ్చేసరికి 'నాలుగైదు' అన్నది 'చాలా' అయిపోతుంది. పెన్సిలే వాడండి, తడిస్తే సిరా పాకుతుంది. ఇదంతా నాలుగు నిమిషాల పని. చివరి గీత కింద ఒక్క వాక్యం మీ మనసులో ఆ పూట మెదిలినదానికి కేటాయించండి. గుర్తులతో కలపకండి.

ఇంగ్లండ్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో ఇలాంటి గుర్తులు రాయడం మొదలుపెట్టాడు: మొదటి పువ్వు, మొదటి ఆకు, మొదటి కోకిల కూత. ఆయన తర్వాత వంశస్థులు 1958 దాకా కొనసాగించారు. వాతావరణం ఎలా మారుతోందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఆ పట్టికలను వాడుకున్నారు. ఆయన దగ్గర పెద్ద పరికరాలేమీ లేవు, ఏటా అవే వాటిని చూశాడు, అంతే.

ఫొటోలు తీసేవారికి ఒక మాట. ఒకే రాయి మీద నిలబడి, జూమ్ వాడకుండా, ఒకే వేళకు, ఫ్రేములో ఎప్పుడూ ఒకే చోట దిగంతం వచ్చేలా తీయండి. వేళ మారితే నీడలు మారి, ఆకు పలచబడిందో వెలుగు మారిందో పోల్చుకోలేరు.

ప్రశ్న: ఏడాదిలో అతి చిన్న పగలు దాటిపోయినా పొద్దు ఇంకా ఆలస్యంగానే పొడుస్తోంది. నేను గమనించడంలో ఏదైనా తేడా ఉందా?

జవాబు: మీరు సరిగ్గానే చూశారు. డిసెంబరు చివర్లో పొద్దు నడినెత్తికి వచ్చే వేళ గడియారం ప్రకారం రోజుకు సుమారు అర నిమిషం చొప్పున ఆలస్యమవుతుంటుంది. భూమి అక్షం వాలి ఉండటం, భూమి తిరిగే దారి పూర్తి వృత్తం కాకపోవడం దీనికి కారణాలు. అందుకే ఉత్తరార్ధగోళంలో అతి తొందరగా పొద్దు గుంకే రోజు చిన్న పగటి కంటే ముందే వస్తుంది, అతి ఆలస్యంగా పొడిచే రోజు తర్వాత వస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఈ ఎడం వారాలకు పెరుగుతుంది. ఒకే చోట నిలబడి, పొద్దు ఏ చెట్టు మీదుగా పొడిచిందో వారానికోసారి గుర్తు పెట్టండి. మార్చి, సెప్టెంబరు నెలల్లో ఆ చోటు చకచకా జరుగుతుంది. జూన్, డిసెంబరు చివర్లో దాదాపు కదలదు.

ప్రశ్న: కొత్త బూట్లతో మడమ మీద బొబ్బలు వచ్చాయి. చిదపాలా?

జవాబు: చిన్నదైతే ముట్టుకోకండి. పైపొరే దానికి కట్టు. పెద్దదై నడవనివ్వకపోతే, చేతులు, బొబ్బ శుభ్రంగా కడిగి, క్రిమిరహితం చేసిన సూదితో అంచున గుచ్చి నీరు కార్చి, చర్మం ఊడదీయకుండా కట్టు కట్టండి. అసలు కారణం తడి చర్మం రాసుకోవడం. నూలు మేజోళ్ళు చెమటను పట్టి ఉంచుతాయి. ఉన్నివి, సింథటిక్‌వి త్వరగా ఆరతాయి. పాదాలు పగలంతా కాస్త ఉబ్బుతాయి కాబట్టి బూట్లు సాయంత్రం కొనండి. నిలబడినప్పుడు పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నడకలో ఎక్కడైనా చురుక్కుమంటే 'ఇంటికెళ్ళి చూద్దాం' అనుకోకుండా అక్కడే ఆగి ముడతలు లేకుండా టేపు వేయండి. మధుమేహం ఉన్నవారు బొబ్బను తామే గుచ్చకూడదు. నడిచిన ప్రతిసారీ అరికాళ్ళు చూసుకోవాలి, చిన్న పుండయినా వైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: వాన కాలంలో నడక మానేయడమే మంచిదా?

జవాబు: మానకండి. తొలి జల్లుకు నేల పరిమళించే క్షణం ఇంట్లో కూర్చుంటే సగమే అందుతుంది. ఎండిన రోజుల్లో రాళ్ళు, మట్టి పీల్చుకున్న మొక్కల నూనెలు వానతో బయటికి వస్తాయని జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో వివరించారు. కానీ మూడు జాగ్రత్తలు తప్పనిసరి.

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. 30 లోపు వస్తే గట్టి భవనంలోకో మూసిన కారులోకో వెళ్ళాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. ఒంటరి చెట్టు కింద అసలు నిలబడవద్దు.

వాగు నీరు మోకాలు దాటినా, అడుగు కనిపించనంత బురదగా పరుగెడుతున్నా వెనుదిరగండి. మీ దగ్గర చినుకు పడకపోయినా ఎగువన కురిసిన వానకు నీరు ఒక్కసారిగా పెరగవచ్చు.

తడి గట్టు మీద మడమ ముందు మోపితే జారుతుంది. చిన్న అడుగులు వేస్తూ పాదం మొత్తం ఒకేసారి మోపండి. కొత్తగా వేసిన గట్టు అంచు తొక్కితే విరిగి, మడిలో నీరంతా పోతుంది. అలాంటి చోట దూరమైనా చుట్టూ తిరిగి వెళ్ళడమే న్యాయం.

ప్రశ్న: పాములంటే భయం. గడ్డి దారిలో ఎలా?

జవాబు: కాటు ఎక్కువగా పాదానికీ పిక్కకూ పడుతుంది. చీలమండ దాటే బూట్లు, వదులైన పొడవాటి ప్యాంటు వేసుకోండి. మసక చీకట్లో టార్చి తప్పనిసరి. చూడకుండా పొదలో చేయి పెట్టకండి. కాటు పడితే కదలిక తగ్గించి, ఉంగరాలు, కడియాలు తీసేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం హాని చేస్తాయి.

కుక్క ఎదురైతే పరుగెత్తవద్దు. నిలబడి, కళ్ళలోకి చూడకుండా మెల్లగా పక్కకు జరగండి. దూడకూ తల్లి ఆవుకూ మధ్యలోంచి పోవద్దు.

ప్రశ్న: మనసు బాగుండాలని నడుస్తున్నాను. కానీ నడుస్తున్నంతసేపూ పాత బాధలే తిరుగుతున్నాయి.

జవాబు: కాళ్ళకు పని ఉండి కళ్ళకు, చెవులకు పని లేకపోతే అలా జరుగుతుంది. మొదటి పది నిమిషాలు చెవులకు పని పెట్టండి: దూరపు చప్పుడు ఒకటి, దగ్గరి చప్పుడు ఒకటి, మీ అడుగుల చప్పుడు. తర్వాత కళ్ళకు: నిన్న లేనిది ఒకటి వెతకాలి. ఆలోచన మళ్ళీ వస్తే తరమకండి. నోటుపుస్తకంలో ఆ ఒక్క వాక్యంగా రాసి మళ్ళీ వెతకడంలో పడండి. నిద్ర, ఆకలి తగ్గి దిగులు రెండు వారాలకు మించి ఉంటే నడకతో సరిపెట్టుకోకుండా వైద్యుడిని కలవండి. నడక ఆ చికిత్సకు తోడుగా ఉంటుంది.

ప్రశ్న: ఏడాది పూర్తయింది. ఇప్పుడు దారి మార్చవచ్చా?

జవాబు: ఇంకొక ఏడాది ఆగమంటాము. రెండో ఏడే పుస్తకం మాట్లాడటం మొదలుపెడుతుంది. ఒక పెద్ద కాగితం మీద పన్నెండు నెలల గళ్ళు గీసి, ఒక్కో గుర్తుకు ఒక్కో వరుస ఇచ్చి, మొదటి ఏటి తేదీలు పెన్సిలుతో, రెండో ఏటివి సిరాతో పెట్టండి. రెండు తేదీల మధ్య తేడా మూడు నాలుగు రోజులే ఉంటే మీరు వెళ్ళిన రోజుల తేడా కావచ్చు. రెండు వారాలు ఉంటే ఆ నెల వాన, ఎండ రాతలు తిరగేసి కారణం వెతకండి. దారి మార్చాలని మరీ అనిపిస్తే వారానికి ఒక రోజు కొత్త బాటకు ఇచ్చి, మిగిలిన రోజులు పాతదానికే ఉంచండి.