తల్లిని చూపించనంటున్నాడు, కొనవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పట్టుబట్టడంతో పొమరేనియన్ కుక్కపిల్లను కొందామనుకున్నాం. ఒకాయన ‘టీకప్ సైజు, నలభై రోజుల పిల్ల’ అంటూ ఫొటోలు పంపాడు. తల్లిని చూస్తామంటే, కొత్తవాళ్లొస్తే అది టెన్షన్ పడుతుందంటున్నాడు. పిల్లను దారిలో ఎక్కడైనా కలిసి ఇస్తాడట. అడ్వాన్స్ పంపమంటారా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు

జవాబు: పంపకండమ్మా. పాలిచ్చే కుక్క కొత్తవాళ్లను చూసి మొరిగే మాట నిజమే. బాధ్యతగా పెంచేవాళ్లయితే దూరం నుంచి చూపిస్తారు, లేదా వారం ఆగి రమ్మంటారు. అసలు చూపించనే చూపించమనరు. చూసినప్పుడు పొదుగు గమనించండి. పిల్లలు తాగిన గుర్తుగా కాస్త జారి ఉంటుంది. అలాంటి గుర్తే లేకపోతే, అది తల్లేనా అని అనుమానించాల్సిందే.

నలభై రోజులు మరీ తొందర. ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండాలి. చిన్న జాతుల పిల్లల్ని పది, పన్నెండు వారాలదాకా ఉంచుకునేవాళ్లూ ఉన్నారు. ఇక ‘టీకప్’ అనే జాతి లేదు, అది అమ్మకానికి పెట్టిన పేరు. ఒకసారి నా దగ్గరికి అరచేతంత పిల్లను తువ్వాలులో చుట్టి తెచ్చారు. రాత్రి ఏమీ తినలేదట, తెల్లారేసరికి మెడ వాల్చేసింది. రక్తంలో చక్కెర పడిపోయింది. అంత చిన్న ఒంట్లో నిల్వలేముంటాయి? అదృష్టం బాగుండి బతికింది.

టీకాల కార్డు మీద తేదీ, డాక్టర్ సంతకం ఉన్నాయో లేదో చూడండి. అంతకన్నా ముఖ్యం మోకాళ్లు. చిన్న జాతుల్లో మోకాలిచిప్ప పక్కకు జారడం ఎక్కువ, వంశంలో వస్తుంది కూడా. నడుస్తూ నడుస్తూ వెనక కాలొకటి ఎత్తి రెండడుగులు గెంతుతుంది. చూసేవాళ్లకు ముద్దుగా ఉంటుంది, నాకు గుండె జారుతుంది. తల్లిదండ్రుల మోకాళ్లు డాక్టర్‌కు చూపించారా, కాగితం ఉందా అని అడగండి. వంశపత్రం చూపించి సరిపెడతారు. అందులో తాతముత్తాతల పేర్లుంటాయి గానీ మోకాళ్ల సంగతి ఉండదు.

నేను మా కుక్కను తెచ్చుకున్నప్పుడు ఆ పెంపకందారు నన్నే ఇంటర్వ్యూ చేసింది. పగలు ఇంట్లో ఎవరుంటారు, మెట్లెన్ని, ఊరెళితే ఎవరు చూస్తారు... డాక్టర్నని చెప్పినా వదల్లేదు, కాస్త చిన్నతనమనిపించింది కూడా. చివరికి, ఎప్పుడైనా పెంచలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా తనకే తెచ్చిస్తానని రాయించుకుంది. మీకు ఫొటోలు పంపినాయనకు ఫోన్ చేసి, రేపు మాకు కుదరకపోతే పిల్లను వెనక్కి తీసుకుంటారా అని అడిగి చూడండి.