పాఠం చెప్పేవాళ్లకు సాయం చేసే ఉద్యోగం... తక్కువదా?

ప్రశ్న: మా అమ్మాయి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చివరి ఏడాది చదువుతోంది. లెక్చరర్ పోస్టులకు కాకుండా, యూనివర్సిటీలోని టీచింగ్ సెంటర్‌లో ఉద్యోగానికి అప్లై చేస్తానంటోంది. అధ్యాపకుల బోధన మెరుగయ్యేలా చూసే పనట. ఇంత చదివి ఇదా? దానికన్నా ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ (పాఠాలు, శిక్షణ కోర్సులు రూపొందించే పని) సర్టిఫికెట్ చేసి కంపెనీలో చేరితే నయం కదా? రెండింటినీ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి

జవాబు: పోలుస్తాను. కానీ మీ ఉత్తరం నిండా మీ టెన్షనే ఉంది. అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్కా లేదు. ‘ప్రొఫెసర్’ అని చెప్పుకోలేమన్నదే మీ బాధైతే, అది మీరు సర్దుకోవాల్సిన విషయం. ఆ బరువు అమ్మాయి మీద పెట్టకండి.

ఇది కొత్తగా పుట్టిన పనేమీ కాదు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ఇలాంటి కేంద్రాన్ని 1962లోనే పెట్టింది. పీహెచ్‌డీ అంటే పరిశోధనలో శిక్షణ. పాఠం ఎలా చెప్పాలో అందులో నేర్పేది తక్కువ. ఆ లోటు పూడ్చడానికే ఈ సెంటర్లు. అధ్యాపకులు పిలిస్తే క్లాసులో కూర్చుని గమనిస్తారు. సెమిస్టర్ మధ్యలో, అధ్యాపకుణ్ని బయటికి పంపి, ఏది అర్థమవుతోంది, ఎక్కడ ఇబ్బంది అని విద్యార్థులనే అడుగుతారు. విన్నది ఆ అధ్యాపకుడికే చెబుతారు, హెడ్‌కు కాదు. అది ప్రమోషన్ ఫైల్లోకి వెళ్తుందంటే మళ్లీ ఎవరూ వాళ్లను పిలవరు.

ఈ పనికి ఫలితం ఉంటుందా? 2014లో సైన్స్, ఇంజినీరింగ్, గణితం కోర్సుల మీద వచ్చిన 225 అధ్యయనాలను కలిపి చూశారు. ఉపన్యాసమే వినే క్లాసుల్లో సగటున నూటికి 34 మంది ఫెయిలైతే, విద్యార్థుల చేతే చర్చలు, లెక్కలు చేయించే క్లాసుల్లో 22 మందే ఫెయిలయ్యారు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో ఇంకో సంగతి తేలింది. ఇలా తమ చేత చేయించే క్లాసుల్లో పిల్లలు ఎక్కువే నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనుకున్నారు! అప్పుడు విద్యార్థుల ఫిర్యాదులకు బెదిరి అధ్యాపకుడు పాత పద్ధతికి వెళ్లిపోకుండా ధైర్యం చెప్పేవాళ్లు కావాలి. సబ్జెక్టు తెలిసిన మీ అమ్మాయి మాటకు అక్కడ విలువ ఉంటుంది.

ఇక మీరు మెచ్చిన సర్టిఫికెట్. దాని మీద నాకు అనుమానాలున్నాయి. కొన్ని వారాల కోర్సు చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నారు. కంపెనీల్లో చాలాచోట్ల ఆ పని ఉన్న స్లైడ్లను ఆన్‌లైన్ పాఠాలుగా మార్చడమే. ఆ మొదటి ముసాయిదాను ఇప్పుడు ఏఐ టూల్స్ కూడా రాసేస్తున్నాయి. బాగా చేసేవాళ్లు లేరనను, కానీ వాళ్లను నిలబెట్టింది సర్టిఫికెట్ కాదు, అనుభవం. పీహెచ్‌డీ పక్కన పెట్టి ఆ గుంపులో మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టమనడం ఏం లెక్కండీ?

సెంటర్ ఉద్యోగంలో లోటు లేదా అంటే, ఉంది. చాలాచోట్ల ఇవి అధ్యాపక పోస్టులు కావు, కొన్ని గ్రాంటు ఉన్నన్నాళ్లే. బడ్జెట్ తగ్గినప్పుడు కోత పడే అవకాశమూ ఉంది. పబ్లికేషన్లు ఆగితే మళ్లీ లెక్చరర్‌గా వెళ్లడం కష్టం. అందుకే ఇంటర్వ్యూలో రెండు సంగతులు అడగమనండి: పోస్టు శాశ్వతమా, ఏడాదికి ఒక కోర్సైనా తను బోధించవచ్చా? రెండోదానికి ‘సరే’ అంటే లెక్చరర్ దారి పూర్తిగా మూసుకుపోనట్టే.

థీసిస్ సమర్పించకముందే చేరమంటే మాత్రం ఒప్పుకోవద్దనండి.