జుట్టు రాలుతోందా? మూడు నెలలు వెనక్కి వెళ్లి చూడండి

ప్రశ్న: నా వయసు 31. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. రెండు నెలలుగా జుట్టు విపరీతంగా రాలుతోంది. తలస్నానం చేసినప్పుడు గుప్పెడు వెంట్రుకలు చేతికొస్తున్నాయి. భయమేసి వారానికి ఒక్కసారే తలస్నానం చేస్తున్నాను. ముఖం కళ తప్పింది, సబ్బు తగిలినా మండుతోంది. విటమిన్ సి సీరమ్, యాసిడ్ టోనర్, రెటినాల్ వాడుతున్నాను, వారానికి మూడుసార్లు స్క్రబ్ చేస్తున్నాను. బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నాను, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగుతున్నాను. ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టి, నాలుగైదు నెలల కిందట రాత్రి భోజనం మానేసి ఆరు వారాల్లో 8 కిలోలు తగ్గాను కూడా. ఇప్పుడు 58 కిలోలున్నాను. నిద్ర ఐదు గంటలు. నెలసరి క్రమంగానే వస్తుంది కానీ మొదటి మూడు రోజులు బాగా ఎక్కువగా అవుతుంది. వారంలో ముఖం తేటపడుతుందంటూ స్నేహితురాలు ఒక క్రీము పేరు చెప్పింది, వాడొచ్చా? ఒళ్లు, చర్మం, జుట్టు బాగుండాలంటే రోజూ ఏ అలవాట్లు పాటించాలి? జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే రాలడం తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: మీరు సంతోషంగా చెప్పిన విషయమే నాకు ముందుగా అనుమానం కలిగించింది. ఆరు వారాల్లో 8 కిలోలు! వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గితే శరీరం తట్టుకుంటుంది. మీరు అంతకంటే వేగంగా తగ్గారు, అదీ ఒక పూట తిండి పూర్తిగా మానేసి. జుట్టు రాలడం మొదలైంది ఆ తర్వాత రెండు మూడు నెలలకు. ఈ లెక్క కాకతాళీయం కాదనే నా అభిప్రాయం.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ల పాటు, నెలకు ఓ సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తర్వాత రెండు మూడు నెలలు విశ్రాంతి దశలో ఉండి రాలిపోతుంది. మామూలుగా పదింట ఒక వంతు వెంట్రుకలు ఈ విశ్రాంతి దశలో ఉంటాయి కాబట్టి రోజుకు 50 నుంచి 100 రాలడం సహజమే. శరీరానికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, అంటే తీవ్రమైన జ్వరం, ఆపరేషన్, కాన్పు, ఉన్నట్టుండి తిండి తగ్గించడం లాంటివి జరిగినప్పుడు, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. ఇంట్లో డబ్బుకు కటకట వస్తే తిండి, అద్దె ఆపం కదా, ముందు సరదా ఖర్చులే ఆపుతాం. శరీరానికి జుట్టు అలాంటి ఖర్చే. గుండెకు, మెదడుకు అందాల్సింది అందాకే వెంట్రుకల వంతు.

విశ్రాంతిలోకి వెళ్లిన వెంట్రుక వెంటనే రాలదు. రెండు మూడు నెలలకు రాలుతుంది. అందుకే చాలామంది అసలు కారణం మర్చిపోయి, గత వారం మార్చిన షాంపూనో, ఇంట్లో నీళ్లనో తిట్టుకుంటారు. నీళ్లలో లవణాలు ఎక్కువైతే వెంట్రుక గరుకెక్కుతుంది, చిట్లుతుంది. కుదుళ్ల దగ్గర నుంచి గుప్పెళ్లకొద్దీ రాలడానికి మాత్రం అది కారణం కాదు. ఇలా దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడాన్ని వైద్యంలో టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. రాలిన వెంట్రుక చివర చిన్న తెల్లటి గుండు లాంటిది కనిపిస్తే కుదురే ఊడిపోయిందని కంగారు పడకండి. విశ్రాంతి పూర్తయిన వెంట్రుక చివర అలాగే ఉంటుంది. దాని కుదురు చర్మం లోపలే భద్రంగా ఉంది, అక్కడి నుంచే కొత్తది వస్తుంది. కారణాన్ని సరిదిద్దితే సాధారణంగా ఆరు నెలల్లోపు రాలడం నెమ్మదిస్తుంది. ఒత్తుగా కనిపించడానికి మరికొన్ని నెలలు పడుతుంది. నెలకు సెంటీమీటరు పెరిగేదాన్ని తొందరపెట్టే మందేదీ లేదు.

ఇక తలస్నానం. వారానికి ఒక్కసారి చేయడం వల్ల మీకు మేలు జరగలేదు, భయం మాత్రం పెరిగింది. ఎలాగూ రాలాల్సిన వెంట్రుకలు ఏడు రోజులపాటు జుట్టులోనే చిక్కుకుని ఉండి, ఆ రోజు ఒకేసారి చేతికొస్తాయి. వారానికి రెండు మూడుసార్లు చేయండి. షాంపూ కుదుళ్లకు, కండిషనర్ చివర్లకు. నూనె రాసుకోవడం ఇష్టమైతే తలస్నానానికి ముందు కాసేపు రాసుకోండి, వెంట్రుక నునుపుగా ఉంటుంది, తక్కువ తెగుతుంది. అంతకుమించి నూనె కుదుళ్లలోకి దిగి జుట్టు మొలిపించదు. చుండ్రు ఉంటే రాత్రంతా నూనె వద్దే వద్దు. చుండ్రుకు తోడ్పడే మలసీజియా అనే ఫంగస్‌కు తలలోని జిడ్డే ఆహారం. దానికి కీటోకొనజాల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, తలకు పట్టించి ఐదు నిమిషాలు ఆగి కడిగేయాలి. చాలామంది రాసిన వెంటనే కడిగేసి, మందు పనిచేయలేదంటారు.

బయోటిన్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. రోజుకు మనకు కావాల్సింది 30 మైక్రోగ్రాములు. అది మామూలు తిండిలోనే దొరుకుతుంది, నిజమైన లోపం చాలా అరుదు. మాత్రల్లో తరచూ 5,000, 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి. ఎక్కువైనది చాలావరకు మూత్రంలో పోతుంది కదా, నష్టమేమిటి అనుకోవచ్చు. ఒక నష్టం ఉంది. అది కొన్ని రక్తపరీక్షల్ని తారుమారు చేస్తుంది. థైరాయిడ్ బాగానే ఉన్నా దాని పరీక్షల్లో టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించి, లేని జబ్బును ఉన్నట్టు చెప్పొచ్చు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను కూడా తప్పుదోవ పట్టించొచ్చు. ఇక జుట్టు కోసమని అమ్మే కొన్ని మాత్రల్లో విటమిన్ ఎ, సెలీనియం ఉంటాయి. ఈ రెండూ మోతాదు మించితే జుట్టు రాలడానికి అవే కారణమవుతాయి! కాబట్టి జుట్టు కోసం మీరు వేసుకునే మాత్రలన్నీ ఆపేయండి. ఆపిన మూడు రోజుల తర్వాత పరీక్షలకు వెళ్లండి. ల్యాబ్‌లో కూడా బయోటిన్ వాడినట్టు చెప్పండి.

ఏ పరీక్షలు? కంప్లీట్ బ్లడ్ పిక్చర్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వల్ని చెప్పే పరీక్ష), టీఎస్‌హెచ్, బి12, విటమిన్ డి. మీ విషయంలో నా దృష్టంతా ఫెరిటిన్ మీదే ఉంది. నెలసరిలో రక్తస్రావం ఎక్కువని రాశారు, దానికి తోడు తిండి తగ్గింది. హిమోగ్లోబిన్ మామూలుగానే ఉండి, ఐరన్ నిల్వలు మాత్రం అడుగంటి ఉండొచ్చు. రిపోర్టులో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి 'రక్తం బాగానే ఉంది' అనుకుంటే ఇది దొరకదు. ఫెరిటిన్ మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల కంటే తక్కువుంటే నిల్వలు చాలనట్టే. ఈ మధ్య జ్వరం వచ్చి ఉంటే ఫెరిటిన్ అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. పరీక్ష లేకుండా మీ అంతట మీరు ఐరన్ మాత్రలు మొదలుపెట్టొద్దు. డాక్టరు రాసిస్తే మాత్రం టీ, కాఫీలకు గంటా రెండు గంటల దూరంలో వేసుకోండి, అవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. మూడు రోజుల అధిక రక్తస్రావం సంగతి గైనకాలజిస్టుకు చూపించండి. ఫైబ్రాయిడ్ల (గర్భాశయంలో గడ్డలు) లాంటివి ఉంటే, అవి తేలకుండా ఎంత ఐరన్ మింగినా చిల్లు పూడదు.

రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టండి. బరువు పెరుగుతానన్న బెంగ ఉంటే పరిమాణం తగ్గించండి కానీ పూట ఎగ్గొట్టొద్దు. వెంట్రుక అంటే కెరాటిన్, కెరాటిన్ అంటే ప్రొటీన్. మీ బరువుకు రోజుకు 50 నుంచి 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. పప్పులు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, గింజలు... మీరు తినేవాటిలో ఏదో ఒకటి మూడు పూటలా కంచంలో ఉంటే తప్ప ఆ లెక్క అందదు. ఆకుకూరలు, పండ్లు ఎలాగూ ఉండాలి. నాలుగు లీటర్ల నీళ్లు మీ చర్మానికి మెరుపు తేవు. ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు నీళ్లు తాగితే తేడా కనిపిస్తుంది, సరిపడా తాగేవాళ్లు ఇంకా తాగితే బాత్‌రూమ్‌కు తిరగడమే మిగులుతుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు.

ముఖం దగ్గరికి వద్దాం. కళ తప్పడానికి కారణం మీరు ఏదో రాయకపోవడం కాదు, ఎక్కువ రాయడం. చర్మం పైపొర పల్చటి మృతకణాల వరుస. వాటి మధ్య కొవ్వు పదార్థం ఉండి తేమను లోపల ఆపుతుంది. దానికి కొద్దిపాటి ఆమ్ల గుణం ఉంటుంది, పీహెచ్ (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 5. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. దాని మీద యాసిడ్, దాని మీద రెటినాల్, పైగా వారానికి మూడుసార్లు రుద్దుడు! ఆ పొర తట్టుకోలేక పగుళ్లిచ్చింది, అందుకే ఏది తగిలినా మంట. నాలుగు వారాలు అన్నీ పక్కన పెట్టండి. పైపొర మళ్లీ తయారవడానికి దాదాపు అంత సమయం పడుతుంది. ఈ నాలుగు వారాలు సబ్బు లేని తేలికపాటి క్లెన్సర్, సువాసన లేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, ఈ మూడే. స్నానానికి మరీ వేడి నీళ్లు వద్దు, గోరువెచ్చనివి చాలు. తుడుచుకున్నాక ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. మంట పూర్తిగా తగ్గాక కావాలంటే రెటినాల్ వారానికి రెండు రాత్రులతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. గర్భం కోసం ప్రయత్నిస్తుంటే మాత్రం రెటినాల్ ముట్టుకోవద్దు. స్క్రబ్ సంగతి అడిగితే, ముఖానికి అది ఎవరికీ అవసరం లేదంటాను.

మీ జాబితాలో సన్‌స్క్రీన్ లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాను. ఇన్ని సీరమ్‌లు చేయలేని పని అది ఒక్కటే చేస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్ని 97 శాతం వరకు ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. తేడా అంతే, కాబట్టి అంకెల వెంట పడకండి. ఎంత రాస్తున్నామన్నదే ముఖ్యం. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే వచ్చేది ముఖానికి, మెడకు సరిపోతుంది. చాలామంది అందులో సగం కూడా రాయరు. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. కిటికీ పక్కన కూర్చునే ఉద్యోగమైతే గదిలో కూడా అవసరమే, ఎండలోనే ఉండే మరో రకం, యూవీఎ కిరణాలు గాజులోంచి వస్తాయి.

స్నేహితురాలు చెప్పిన క్రీము దగ్గర మొహమాటం పనికిరాదు. వారంలో ముఖం తేటపడుతుందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. ట్యూబు వెనక బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ లాంటి పేర్లున్నాయేమో చదవండి. ఇవి కొన్ని చర్మవ్యాధులకు, కొద్ది రోజులకు, డాక్టరు రాస్తే వాడే మందులు. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఆపితే మంట, ఎరుపు రెట్టింపై మళ్లీ అదే రాసుకునేలా చేస్తాయి. ట్యూబు మీద ఏ వివరాలూ లేకపోతే అసలే వద్దు. మీ స్నేహితురాలు చాలాకాలంగా వాడుతుంటే ఉన్నఫళంగా ఆపకుండా చర్మవైద్యుల్ని కలవమనండి.

నిద్ర ఐదు గంటలు చాలదు, ఏడు కావాలి. లేచే సమయం ఒకటే పెట్టుకుని, పడుకునే సమయాన్ని రోజూ కొంచెం కొంచెంగా ముందుకు జరపండి. సాయంత్రం కాఫీ మానేయండి, అందులోని కెఫీన్ సగం కరగడానికే ఐదారు గంటలు పడుతుంది. వ్యాయామం వారానికి 150 నిమిషాలు, చెమట పట్టేలా వేగంగా నడిచినా సరే. దానికి తోడు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామాలు. ఇలా వేగంగా బరువు తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది కాబట్టి మీకు ఇది తప్పనిసరి. పొగతాగే అలవాటుంటే (మీరు రాయలేదు, అడగడం నా బాధ్యత) పై సలహాల్లో సగం వృథా అవుతాయి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఆగకుండా చర్మవైద్యుల్ని కలవాలి. నాణెం ఆకారంలో నున్నగా జుట్టు ఊడటం, పాపిట రానురాను వెడల్పవడం, తలలో నొప్పి, చీము, మచ్చలు పడటం. నెలసరి తప్పుతూ గడ్డం మీద రోమాలు పెరుగుతుంటే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) పరీక్షలు కావాలి. మెడ వెనక చర్మం నల్లగా, దళసరిగా మారితే దాన్ని మట్టి అనుకుని రుద్దొద్దు, అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చెప్పే గుర్తు కావొచ్చు, షుగర్ పరీక్ష చేయించాలి. ఇవేవీ లేకుండా మీరు రాసిన లక్షణాలే ఉంటే మినాక్సిడిల్ (జుట్టు కోసం తలకు రాసే మందు) తొందర వద్దు. ముందు లోటు పూడ్చి, ఆరు నెలలు చూద్దాం.

చివరిగా, జుట్టు కత్తిరించడం. రాలే వెంట్రుకల సంఖ్య తగ్గదు, కుదురుకు కత్తెర సంగతి తెలియదు. పొట్టి వెంట్రుకలు కింద పడినా అంతగా కనిపించవు, చిక్కులు తక్కువ పడతాయి, పల్చదనం కొంత కప్పుకుపోతుంది. అలా బాగుంటుందనిపిస్తే కత్తిరించుకోండి. పొడవుగానే ఉంచుకుంటే మాత్రం బిగించి లాగి కట్టొద్దు, ఏళ్ల తరబడి ఆ లాగుడు వల్ల నుదుటి అంచున ఊడిన జుట్టు ఒక్కోసారి తిరిగి రాదు.